సైకిలు యాత్రకు సన్నాహం

పిల్లలూ, ఐర్లండు దేశంలో లిస్మోర్ అనే చిన్న ఊరు ఉన్నది. 1941 నవంబరులో ఆ ఊళ్ళో డెర్వ్‌లా మర్ఫీ అనే అమ్మాయికి పదేళ్ళు నిండాయి. పుట్టినరోజు కానుకగా తల్లిదండ్రులు ఆమెకు ఒక పాత సైకిలు ఇచ్చారు. తాతగారు ఒక అట్లాసు పంపారు. కొద్ది రోజులకు ఆ అమ్మాయి ఊరి దగ్గర ఒక మిట్ట ఎక్కుతూ, పెడళ్ళు తొక్కుతున్న తన కాళ్ళకేసి చూసుకున్నది. ఇట్లాగే తొక్కుకుంటూ పోతే ఎప్పటికో ఒకప్పటికి ఇండియా చేరవచ్చు గదా అనిపించింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పెద్దవాళ్ళు నవ్వుతారని ఆమెకు తెలుసు.

ఆమె నిజంగా బయలుదేరింది 1963 జనవరిలో! మధ్య 21 ఏళ్ళు గడిచిపోయాయి. అందులో చాలా కాలం ఆమె, జబ్బుతో లేవలేని తల్లికి సేవ చేస్తూ ఇంటిపట్టునే ఉన్నది. అయినా ఆ అట్లాసును వదల్లేదు. చివరికి ఒంటరిగా ఫ్రాన్సు, యుగోస్లావియా, టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి, ఆరునెలలకు ఢిల్లీ చేరుకున్నది. కొన్నిచోట్ల లారీయో బస్సో ఎక్కింది గాని, దారిలో ఎక్కువభాగం సైకిలే.

బయలుదేరే ముందు ఆమె చేసిన రెండు పనులు చూడండి. మొదటిది, కొత్త సైకిలుకు ఉన్న గేర్లను ఊడదీయించింది. ఆ గేర్లు సున్నితమైనవి; ఆసియా రోడ్లమీద అవి చెడిపోతే బాగుచేసేవాడు దొరకడని ఆమె లెక్క. రెండవది, దారిలో ఉన్న బ్రిటిష్ రాయబార కార్యాలయాలకు కొత్త టైర్లను ముందుగానే పంపించింది. అవి తాను వచ్చేసరికి అక్కడ సిద్ధంగా ఉంటాయి. మోసే బరువు తగ్గింది, టైరు దొరకదనే దిగులూ తగ్గింది. ఈ రెండు పనులూ ఆమె ఇంట్లో కూర్చుని ఆలోచించి చేసినవే.

సరే, మన సంగతికి వద్దాం. మీది కంచిలి పక్కన జలంత్రకోట అనుకోండి. మీకు సైకిలు ఉన్నది. దానిమీద ఒంటరిగా విశాఖపట్నం దాకా వెళ్ళాలని మీకు కోరిక. దూరం 200 కిలోమీటర్లకు పైమాటే. ఇప్పుడే వెళ్ళమని నేను చెప్పటం లేదు. అమ్మా నాన్నా కంగారుపడనక్కరలేదు! ఒంటరి దూరప్రయాణం పద్ధెనిమిదేళ్ళు నిండిన తరవాత చేసే పని. అయితే సన్నాహానికి మాత్రం పదేళ్ళ వయసు తొందరేమీ కాదు.

ఒంటరిగా అనే మాటలోనే చిక్కంతా ఉన్నది. 1923లో బొంబాయినుంచి ఆరుగురు యువకులు సైకిళ్ళమీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వాళ్ళలో అది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు 1928లో యాత్ర పూర్తిచేసి తిరిగి వచ్చారు. గుంపుగా వెళ్ళేటప్పుడు ఒకడు పంపు మరిచిపోతే ఇంకొకడి దగ్గర ఉంటుంది. ఒకడికి జ్వరం వస్తే ఇంకొకడు నీళ్ళు తెచ్చి ఇస్తాడు. ఒంటరివాడికి ఆ రెండోవాడు లేడు. ఆ రెండోవాడు చేసే పనులన్నీ ముందుగానే ఆలోచించి పెట్టుకోవాలి. సన్నాహం అంటే అంతే.

మొట్టమొదట ఎప్పుడు బయలుదేరాలో చూడాలి. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు ఎట్లా నేలమట్టమయినాయో మీ ఇంట్లో పెద్దలను అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నిప్పులు చెరుగుతుంది. కనక సంక్రాంతి రోజులే మంచివి. ఇందుకు ఇంకొక కారణం కూడా ఉన్నది. అది గాలి.

పటం తీసి చూడండి. మన తీరం ఇచ్ఛాపురం దగ్గరనుంచి విశాఖపట్నం దాకా ఈశాన్యంనుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది. శీతకాలంలో మొత్తంమీద గాలి కూడా ఈశాన్యం వైపునుంచే వస్తుంది. అంటే జలంత్రకోటనుంచి దక్షిణంగా పోయేవాడికి గాలి వీపున తోస్తుంది. అదే వానాకాలంలో గాలి నైరుతినుంచి వస్తుంది. అప్పుడు పోతే మొహాన కొడుతుంది. దీని తేడా ఎంతో చూడండి. వేగం రెండింతలయితే గాలి అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు, ఎదురుగాలి కూడా గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది అనుకోండి. మీ ఒంటికి తగిలే గాలి వేగం 30 అయింది. కనక అది అడ్డుకునే బలం, గాలి లేనినాటికంటే నాలుగింతలు!

శీతకాలంలో కూడా మధ్యాహ్నం సముద్రపు గాలి తిరుగుతుంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి. నేలమీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రంమీది చల్లగాలి వస్తుంది. ఇది మీకు పక్కనుంచి కొడుతుంది. కనక పెద్ద పని పొద్దున్నే ముగించాలి. కాని మరీ పొద్దున్నే కాదు. జనవరిలో ఆరున్నరకు ముందు వెలుతురు సరిగా రాదు. పైగా మంచు కమ్ముకుంటుంది. మంచులో లారీవాడికి మీరు కనిపించరు. వెనక ఎర్రదీపం ఉన్నా సరే, మంచు విడేదాకా ఆగటమే పని. సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. అంటే మీ పగలు చాలా చిన్నది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మామూలు సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనకదానికి 18 పళ్ళు ఉన్నాయనుకోండి. మీ సైకిలుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. పెడలు ఒకసారి తిరిగితే వెనకచక్రం 44ను 18తో భాగించినన్ని, అంటే సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు పోతుంది. మొత్తంమీద పెడలు ఒక చుట్టు తిరిగితే మీరు దాదాపు ఐదున్నర మీటర్లు ముందుకు పోతారు. అరవై కిలోమీటర్లు పోవాలంటే పెడళ్ళను పదకొండు వేలసార్లు తిప్పాలి!

ఈ లెక్క ఎందుకంటే, సీటు ఒక అంగుళం కిందికి ఉంటే బడికి వెళ్ళి వచ్చేటప్పుడు మీకు తెలియదు. పదకొండు వేలసార్లు మోకాలు తప్పుగా వంగితే సాయంత్రానికి తెలుస్తుంది. సీటు ఎత్తు చూసుకోవడానికి సులువైన మార్గం ఉన్నది. గోడ పట్టుకుని సీటుమీద కూర్చుని, పెడలు పూర్తిగా కింద ఉన్నప్పుడు దానిమీద మడమ పెట్టండి. కాలు తిన్నగా ఉండాలి. తరవాత మడమకు బదులు పాదం ముందుభాగం పెట్టి తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. అదే సరి అయిన ఎత్తు.

తరవాత సామాను. థామస్ స్టీవెన్స్ అనే ఆయన సైకిలుమీద ప్రపంచాన్ని చుట్టిన మొదటివాడు. ఆయన 1884లో అమెరికా పడమటి తీరంలో బయలుదేరి, 1886లో జపానులో యాత్ర ముగించాడు. మధ్యలో మన దేశానికి వచ్చి లాహోరునుంచి కలకత్తా దాకా తొక్కాడు. ఆయన ఎక్కింది ముందుచక్రం మనిషి ఛాతీ అంత ఎత్తున, వెనకచక్రం బుల్లిగా ఉండే పాతకాలపు సైకిలు. దానిమీద సామాను పెట్టుకునే చోటే లేదు. కొన్ని మేజోళ్ళు, ఒక అదనపు చొక్కా, ఒక పిస్తోలు, ఒక వానకోటు - ఇంతే ఆయన సామాను. ఆ వానకోటే రాత్రిపూట డేరా, అదే పక్క! పిస్తోలు మనకు అక్కరలేదు గాని, ఒకే వస్తువు మూడు పనులకు వాడుకోవటం నేర్చుకోవలసిందే. మన తువ్వాలు ఏం తక్కువ? తుడుచుకోవచ్చు, తలకు చుట్టుకోవచ్చు, తడిపి మెడకు వేసుకోవచ్చు, సామాను మూటగట్టుకోవచ్చు.

మీరు తీసుకుపోవాలనుకున్నవన్నీ ఒకచోట పోసి, కిరాణాకొట్టు కాటామీద తూచి చూడండి. తరవాత వాటిలో సగం ఇంట్లో వదిలేయండి. నిజంగానే చెబుతున్నాను. మిగిలిన సగాన్ని వీపుమీద కాకుండా సైకిలుమీద పెట్టండి. క్యారియరుకు రెండు పక్కలా వేలాడే సంచులు ఉండాలి, రెండింటి బరువూ సమంగా ఉండాలి. బరువు ఎంత కిందికి ఉంటే సైకిలు అంత నిలకడగా ఉంటుంది. పైన పెద్ద మూట కడితే మలుపు తిరిగినప్పుడల్లా అది మిమ్మల్ని పక్కకు లాగుతుంది.

మరమ్మతు సామాను మాత్రం తగ్గించకండి. పంపు, ఒక మంచి ట్యూబు, ప్యాచీలు, సొల్యూషను, ఉప్పు కాగితం, రెండు మూడు పానాలు, చైను లింకు ఒకటి, బ్రేకు కట్టలు ఒక జత, కొద్దిగా నూనె. ఇవన్నీ ఉన్నంత మాత్రాన లాభం లేదు. వాడటం రావాలి. ఒక ఆదివారం ఇంటి అరుగుమీద కూర్చుని, మంచి టైరునే ఊడదీసి, మళ్ళీ ఎక్కించండి. సైకిలు షాపు ఆయనను అడిగితే పాత ట్యూబు ఒకటి ఇస్తాడు. దానికి మీరే చిల్లి పొడిచి, నీళ్ళ బకెట్టులో ముంచి, బుడగలు వచ్చే చోటు పట్టుకోండి. అక్కడ ఉప్పు కాగితంతో గరుకుగా రుద్ది, సొల్యూషను రాయండి. రాసి వెంటనే ప్యాచీ అంటించేస్తారు చాలామంది. అట్లా చేస్తే ఊడిపోతుంది. సొల్యూషనులో రబ్బరును కరిగించి ఉంచే ద్రవం ఉంటుంది. అది గాలికి ఆరిపోతేనే రబ్బరు రబ్బరును పట్టుకుంటుంది. వేలితో తాకితే తడిగా అంటుకోకుండా ఉన్నప్పుడు ప్యాచీ వేసి గట్టిగా నొక్కాలి.

ఇంకొక మాట. ట్యూబుకు ప్యాచీ వేయటం సగం పనే. టైరు లోపల చెయ్యిపెట్టి నెమ్మదిగా తడిమి చూడాలి. పల్లేరుకాయో తుమ్మముల్లో అందులోనే ఉంటుంది. దాన్ని తియ్యకుండా బిగిస్తే పది నిముషాలకు మళ్ళీ గాలి పోతుంది. మన ఇసుకదారుల పక్కన పల్లేరుకు కొదవలేదు గదా!

ఇసుక అంటే గుర్తుకు వచ్చింది. ఉద్దానం తోటల్లో డొంకలు చాలావరకు ఇసుకే. గట్టిగా గాలి కొట్టిన సన్నటైరు నేలను తాకే చోటు చాలా చిన్నది. బరువంతా ఆ చిన్నచోటుమీద పడి, టైరు కత్తిలాగా ఇసుకలో దిగిపోతుంది. కొంచెం గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని దిగటం తగ్గుతుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి కొట్టుకోవాలి, లేకపోతే తొక్కలేక చస్తారు. ఇసుక మరీ లోతుగా ఉంటే దిగి నడిపించుకుపోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అన్నిటికంటే పెద్ద సంగతి నీళ్ళు. ఎండలో సైకిలు తొక్కే మనిషికి గంటకు అరలీటరునుంచి లీటరు దాకా చెమట పోతుంది. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమయిందన్నమాట. మీ ప్రాంతంలో ఈ మాట తేలికగా చెప్పేది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల ఎంతమంది మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారో మీకు తెలుసు. మీ తాతగారో, పక్కింటి మామయ్యో డయాలసిస్‌కు పోతూ ఉండవచ్చు. ఇన్నేళ్ళుగా డాక్టర్లు పరిశోధించినా, ఈ జబ్బుకు ఇదీ కారణమని ఒక్కదాన్ని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఇందుకోసం ప్రత్యేకంగా ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలంనుంచి వంశధార నీళ్ళను గొట్టాలద్వారా ఉద్దానం ఊళ్ళకు తెచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమయింది. జబ్బు కారణం సంగతి ఎట్లా ఉన్నా, ఎండలో చాలాసేపు ఒళ్ళు వంచి పనిచేస్తూ నీళ్ళు తాగకపోతే మూత్రపిండాలకు చెరుపు చేస్తుందని మాత్రం వైద్యులందరూ ఒప్పుకుంటారు.

కనక సైకిలుకు రెండు సీసాలు ఉండాలి. పదిహేను నిముషాలకు ఒకసారి నాలుగు గుక్కలు తాగాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలటం లేదని గుర్తు. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉద్దానంలో కొబ్బరిబొండాలకు లోటు లేదు గాని, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, మనకు చెమటలో పోయే సోడియం తక్కువ. బొండం తాగినా కాస్త ఉప్పు తగిలే తిండి తినాలి. పొద్దున్నే ఉప్పువేసిన చోడి అంబలో, తరవాణి అన్నమో తిని బయలుదేరేవాళ్ళు తెలివైనవాళ్ళు. మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు సంచిలో ఉంచుకోండి. అవి లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా అంటే చిన్న టీచెంచా, తలకొట్టిన చెంచా.

ఇక దారి. పదహారో నంబరు జాతీయ రహదారి మీ ఊరినుంచి విశాఖపట్నానికి తిన్నగా తీసుకుపోతుంది. కాని అది కలకత్తా, మద్రాసుల మధ్య లారీలు పోయే దారి. సందు దొరికినచోటల్లా లోపలి రోడ్లు పట్టుకోవటం మేలు. అయితే పటంలో తీరం వెంబడి గీత గీసేసి ఇదే దారి అనుకోకండి. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి. నది కలిసే చోటల్లా వంతెన ఉండదు. వంతెన కోసం మళ్ళీ లోపలికి రావాలి. పటంమీద జానెడు దూరం, కాళ్ళమీద పూటంతా అవుతుంది.

మొదటిరోజు సోంపేట, బారువ చూసుకుని పలాస చేరవచ్చు. హరిపురం దగ్గర పక్కకు తిరిగితే మందస. కోవాకు పేరుపొందిన ఊరు. ఆ కోవా కోసం పోయే కిలోమీటర్లు కూడా లెక్కలో వేసుకోండి! రెండోరోజు కావాలనే చిన్న ప్రయాణం పెట్టుకుని టెక్కలిలో ఆగాలి. ఒకరోజు యాభై కిలోమీటర్లు ఎవరైనా తొక్కగలరు. మర్నాడు లేచి, పట్టేసిన కాళ్ళతో మళ్ళీ సైకిలు ఎక్కటమే పరీక్ష. పైగా నౌపడ దగ్గర ఉప్పుమళ్ళు, తేలినీలాపురంలో పక్షులు చూడకుండా పోవటం అన్యాయం. సంక్రాంతి రోజుల్లో అక్కడ గూడబాతులు, రంగు కొంగలు ఊరి చెట్లమీదే పిల్లలను పెంచుతూ ఉంటాయి. ఊరివాళ్ళు వాటిని తరతరాలుగా కాపాడుతున్నారు. మూడోరోజు నరసన్నపేటమీదుగా శ్రీకాకుళం. ఆపైన విశాఖపట్నానికి ఇంకా రెండు రోజులు పెట్టుకుంటే తొందర ఉండదు.

ఈ దారికి ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. హౌరా - చెన్నై రైలుమార్గం చాలా దూరం మీకు పక్కనే వస్తుంది. సోంపేట స్టేషను మీ కంచిలిలోనే ఉన్నది. తరవాత బారువ, మందస రోడ్, పలాస, పూండి, నౌపడ, కోటబొమ్మాళి, తిలారు, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్. సైకిలు విరిగినా, ఒంట్లో బాగాలేకపోయినా ఎటు పోవాలో ముందే తెలిసి ఉంటుంది. డెర్వ్‌లా మర్ఫీ టైర్లు పంపింది చూశారూ, మీకు ఈ స్టేషన్లు అటువంటివి. ఏ ఊరికి ఏ స్టేషను దగ్గరో పటంమీద ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి.

ఇవన్నీ తెలిశాక ఈ ఏడాదే మొదలు పెట్టండి. నాన్నగారితోనో అన్నయ్యతోనో కలిసి ఒక ఆదివారం పది కిలోమీటర్లు, పై నెలలో ఇరవై. తరవాత సంచుల్లో నిజం సామాను పెట్టుకుని ఇరవై. పోయిన దారి, పట్టిన వేళ, తాగిన నీళ్ళు ఒక నోటుబుక్కులో రాయండి. గాలి ఎటునుంచి వచ్చిందో కూడా రాయండి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి గాలి సంగతి మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పెద్ద యాత్రకు బయలుదేరే నాటికి ఆ నోటుబుక్కులోనే ఒక పేజీమీద రోజువారీ పట్టీ తయారు కావాలి. ఏ రోజు ఏ ఊళ్ళో పడుకుంటారు, అక్కడ తెలిసినవాళ్ళ ఇల్లు ఏది, దగ్గరి స్టేషను ఏది, ఇంటికి ఫోను ఏ వేళకు చేస్తారు - అన్నీ అందులో ఉండాలి. 112, 108 నంబర్లు పైన రాసి ఉండాలి. ఫోనులో రాసుకున్నాం గదా అనకండి; ఛార్జి అయిపోతే కాగితమే దిక్కు. ఆ పేజీకి అచ్చంగా ఇంకొక నకలు రాసి అమ్మకు ఇవ్వండి. ఫోను వేళలు మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఐదు అని రాశారంటే, ఐదున్నర దాటాక ఆవిడ ఎవరికి ఫోను చెయ్యాలో ఆ మనిషి పేరు కూడా దాని పక్కనే ఉండాలి.